రబ్బరు బూట్లు

వెర్లిన్ స్టోకీ అమెరికాలోని నార్త్ డకోటా రైతుబిడ్డ. మోకాలిలోతు మంచులో గొడ్లకు మేత వేస్తూ పెరిగినవాడు. చలి సంగతి అతనికి ఇంకొకరు నేర్పనక్కర్లేదు. అలాంటివాడి కాలివేళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో నల్లబడి కుళ్లిపోయాయి.

బెల్జియం అడవిలో, నీళ్లు నిలిచిన గోతిలో అతని దళాన్ని వారాల తరబడి కాపలా కూర్చోబెట్టారు. ఇచ్చినవేమో నీళ్లు పీల్చే తోలు బూట్లు. రబ్బరు బూట్లు వస్తున్నాయన్నారు, రాలేదు. గోతిలో తోడున్న సిపాయి అమెడియో, అతనూ రోజూ ఒకరి పాదాలు ఒకరు ఒళ్లో పెట్టుకుని రుద్దుకునేవారు. తడి మేజోళ్లను చొక్కా లోపల పొట్టకు ఆనించి ఆరబెట్టుకునేవారు.

"ఏం కంపురా బాబూ! మీ ఊరి పందులే నయం," అనేవాడు అమెడియో. రుద్దడం మాత్రం ఆపేవాడు కాదు.

వేళ్లు తీసేశాక, ఆస్పత్రి తనిఖీకి ఓ కల్నల్ వచ్చాడు.

"ఇది శత్రువు చేసిన గాయం కాదు, గాయపడ్డవాళ్లకిచ్చే పతకం నీకు రాదు. మేజోళ్లు మార్చుకోకపోవడం నీ నిర్లక్ష్యం," అన్నాడు.

వెర్లిన్‌కు ఒళ్లు మండిపోయింది. తల తిప్పేసరికి కల్నల్ కాళ్లు కనిపించాయి. వెచ్చటి గదిలో, పొడి నేల మీద, సరికొత్త రబ్బరు బూట్లు!

"మాకొస్తాయన్నవి ఇవేనా సార్? దారిలో మీ కాళ్లకు తగులుకున్నాయా?"

"నోరు మూసుకో!" అని కల్నల్ చరచరా వెళ్లిపోయాడు.

యుద్ధం ముగిశాక, విజయోత్సవ ఊరేగింపులో ముందు నడవమని ఏటా ఊరివాళ్లు వెర్లిన్ గుమ్మంలోకి వచ్చి బతిమాలేవారు. ఏటా అదే జవాబు.

"అప్పుడు ఆ బూట్లు ఎవడు తొడుక్కున్నాడో, ఇప్పుడూ వాడినే నడవమనండి!"