వేడి అన్నం వాసనకు భయపడిన రోజులు

ఆ ఉదయం నేను పల్లీ చట్నీకి పోపు పెడుతున్నాను. బోధన్ బస్టాండుకు దగ్గర్లో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. నా భర్త ప్రభుదాస్ దోసెలు పోస్తాడు, ఇడ్లీ, వడ, చట్నీల పని నాది. కరోనా రెండో వేవ్ మొదలైన ఎండాకాలం అది. మహారాష్ట్ర సరిహద్దులో బస్సులు ఆపేశారని లారీ డ్రైవర్లు మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకునే వాళ్ల మాస్కులన్నీ గడ్డాల కిందే ఉన్నాయి.

"అక్కా, పోపు మాడుతున్నది! నీకు వాసనొస్తలేదా?" అని ఒక డ్రైవర్ అరిచాడు.

చూస్తే గిన్నెలో ఎండుమిర్చి బొగ్గయింది. పొగకు కళ్లు మండుతున్నాయి గానీ ముక్కుకు ఏమీ తెలియడం లేదు. వెల్లుల్లి రెబ్బ నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రాయిని వాసన చూసినట్టు ఉంది. ఆ డ్రైవర్ నన్నొకసారి తేరిపార చూశాడు. తింటున్న ప్లేటు అక్కడే వదిలేసి, చేయి కూడా కడుక్కోకుండా వెళ్లిపోయాడు.

ప్రభుదాస్ స్టవ్ ఆపేశాడు. "షట్టర్ గుంజి ఇంటికి పోదాం పా," అన్నాడు.

మా ఊరు బోధన్ నుంచి రుద్రూర్ వెళ్లే దారిలో, చెరుకు పొలాల మధ్య ఉంటుంది. సాయంత్రానికి జ్వరం వచ్చింది. ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ నన్ను గుమ్మం బయటే నిలబెట్టి చూశాడు. "ఇది టైఫాయిడ్. గట్లనే రాస్త. కరోనా అని రాస్తే మీ గల్లీ బంద్ జేస్తరు, నా దుకాణం గూడ బంద్ జేస్తరు," అని ఒక ఇంజెక్షన్ ఇచ్చాడు. జ్వరం దిగింది. నేను బాగయ్యానని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. అది స్టెరాయిడ్ అని, ఆక్సిజన్ తగ్గకముందే దాన్ని ఇవ్వకూడదని తర్వాత పెద్దాసుపత్రిలో తెలిసింది. కోపం కన్నా నాకు అసహ్యమే ఎక్కువ వేసింది. ఆయనకు తెలియక కాదు, తెలిసే టైఫాయిడ్ అని రాశాడు.

మళ్లీ జ్వరం, దగ్గు. సర్కారు దవాఖానలో టెస్టుకు పోయాం. దూరం దూరంగా నిలబడమని నేల మీద సున్నంతో గుండ్రాలు గీశారు. ఆ గుండ్రాలు తొక్కుకుంటూ జనం ఒకరి వీపు మీద ఒకరు పడ్డారు. ఇద్దరికీ పాజిటివ్. ప్రభుదాస్‌కు దగ్గు తప్ప ఏమీ లేదు. హోం ఐసోలేషన్‌లో ఉండమని మందుల కిట్ ఇచ్చారు. మేం ఇల్లు చేరేలోపే మా పేర్లు, టిఫిన్ సెంటర్ ఫొటోతో సహా, ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కాయి. దాని కింద ఎవరో రాశారు: "ఇన్నొద్దులు గామె చేతి ఇడ్లీలు తిన్నం, థూ."

మా ఎదురింటి పోశెట్టి పసుపు రైతు. బోధన్ వచ్చినప్పుడల్లా మా దగ్గరే తినేవాడు, నన్ను నోరారా చెల్లె అని పిలిచేవాడు. అదే మనిషి మా గేటుకు అడ్డంగా తుమ్మకంప తెచ్చి కట్టాడు.

"మంచికే చెల్లె. పిల్లలున్న గల్లీ. జరంత ఓపిక వట్టు," అన్నాడు కంప అవతల నుంచి.

"మరి నీళ్లెట్ల అన్నా?" అని అడిగాను. గల్లీ నల్లా మాకు పదడుగుల దూరంలో ఉంది.

"సూద్దాం తియ్యి," అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ చూడటం ఇప్పటికీ పూర్తి కాలేదు. పోశెట్టి పొలానికి పోయిన వేళ చూసుకుని ఆయన భార్య గంగు ఒక బిందె నింపి కంప పక్కన పెట్టి పోయేది. ఒక్క మాట మాట్లాడేది కాదు, మా వైపు చూసేది కాదు. అయినా ఆ నీళ్లే మమ్మల్ని బతికించాయి.

ఒక మధ్యాహ్నం ప్రభుదాస్ నా వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి, ఆక్సిజన్ అంకె బాగా తక్కువ వస్తే వేలు తుడిచి మళ్లీ పెట్టాడు. నేను ఒక వాక్యం చెప్పడానికి మూడుసార్లు ఆగాల్సి వస్తోంది. ఫోన్ చేస్తే ఏ ఆటో వాడూ రానన్నాడు. మా గ్యాస్ బండలు మోసే ట్రాలీ ఆటో ఉంది. దాన్ని బయటికి తీయడానికి ఆయన వట్టి చేతులతో తుమ్మకంప పీకాడు. అరచేతుల్లో ముళ్లు దిగి రక్తం కారుతోంది. సాయానికి ఒక్కరూ రాలేదు. కిటికీల్లో మాత్రం ఫోన్లు పైకి లేచాయి. దుప్పటి కప్పుకుని ట్రాలీలో పడుకున్న నన్ను వీడియో తీశారు. అంత ఆయాసంలో కూడా దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

నిజామాబాద్‌లో పెద్దాసుపత్రిలో బెడ్ దొరికింది. పీపీఈ కిట్‌లో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ కళ్లు మాత్రమే కనిపించేవి. "ఇన్ని రోజులు ఎందుకు ఆగారమ్మా? లంగ్స్ రెండు వైపులా ప్యాచెస్ ఉన్నాయి. ఆక్సిజన్ పెడుతున్నాం. మీ వంతు పని ఒకటే, బోర్లా పడుకోండి. ప్రోనింగ్ అంటారు. నడుం నొప్పి వచ్చినా సరే," అంది.

బోర్లా పడుకుంటే నాకు నేల కనిపించేది. వాడేసిన గ్లవ్స్, తిని వదిలేసిన అన్నం పొట్లాలు, పొంగిన బాత్రూం నుంచి వచ్చిన తడి. వాసన తెలియకపోవడం ఆ ఒక్క చోట నాకు మేలే చేసింది.

పక్క బెడ్ మీద కమ్మర్‌పల్లి నుంచి వచ్చిన రాజవ్వ ఉండేది. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, విమానాలు లేవు. మరిది మాత్రం వచ్చి వార్డు తలుపు దగ్గర నిలబడేవాడు. ఆమె పరిస్థితి కాస్త విషమించిన రోజున అతను నర్సును పిలిచాడు.

"సిస్టర్, మా వదినె చెవులకు కమ్మలున్నయి. తీసి ఇయ్యున్రి. రేపు ఏమన్నయితే లోపట్నే మాయమైతయి."

"ఆమె బతికే ఉంది. కనిపించట్లేదా?" అంది నర్సు.

"అందుకే ఇప్పుడే తియ్యమంటున్న," అన్నాడతను.

రాజవ్వ మాస్కు కొంచెం ఎత్తింది. "నాకు ఇనవడుతున్నది లేరా," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "బిడ్డా, నా చేతులు వణుకుతున్నయి. గీ మర జర తిప్పు."

నేను లేచి ఆమె మంచం అంచున కూర్చున్నాను. నా ఆక్సిజన్ పైపు అంతవరకే వచ్చింది. కమ్మ వెనక మర ఎన్నేళ్ల నుంచి తీయలేదో, బిగుసుకుపోయింది. కాసేపు తిప్పడం, కాసేపు మాస్కులో ఊపిరి తీసుకోవడం. రెండు కమ్మలూ ఊడి వచ్చాక నర్సు వాటిని కవర్‌లో వేసి తలుపు దగ్గరికి తీసుకెళ్లింది. అతను చేత్తో ముట్టుకోకుండా రుమాలు పరిచి అందులో వేయించుకున్నాడు. వాటి మీద శానిటైజర్ కొట్టాడు. వదినె ఎలా ఉందని అడగకుండానే వెళ్లిపోయాడు.

రాజవ్వ బోసి చెవులు తడుముకుంది. "పొద్దుగాల దాక సస్తననే అనుకున్న. ఇప్పుడు సావ బిడ్డా," అంది.

ఆమె చావలేదు. నాకంటే ముందే డిశ్చార్జ్ అయింది. కొన్నాళ్లకు ఫోన్ చేసి, పదిమందిలో మరిదిని నిలబెట్టి కమ్మలు తీసుకున్నానని చెప్పింది. ఆ మాట చెప్పి ఆమె నవ్విన నవ్వు, ఆ ఏడాది మొత్తంలో నేను విన్న మంచి శబ్దం.

నేను ఇంటికి వచ్చేసరికి లాక్‌డౌన్ నడుస్తోంది. మా చర్చి ఆరాధన ఫోన్‌లోనే జరుగుతోంది. మా గేటుకు కంప మళ్లీ కట్టి ఉంది, ఓ పక్కకు నెట్టి లోపలికి పోయాం. దాని అవతల పోశెట్టి ఇంటి ముందు టెంటు. కూతురి పెళ్లి. కొద్దిమందితో చేసుకోమని అనుమతి ఇస్తే, పోలీసుల కంట పడకుండా పొలంలో పంక్తులు వేసి ఊరందరికీ భోజనాలు పెట్టాడు. మేం రోగం తెచ్చామని మా గుమ్మం మూసినవాళ్లంతా మాస్కు లేకుండా పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఆ తర్వాత ఇంటింటా దగ్గులు వినిపించాయి. ఒక్కరూ టెస్టుకు పోలేదు. ఆర్‌ఎంపీ అందరికీ టైఫాయిడ్ అనే రాశాడు. ఇద్దరు ముసలివాళ్లు పోయారు. వాళ్లకు కూడా టైఫాయిడేనట.

గంగుకు ఆయాసం మొదలైనప్పుడు పోశెట్టి కంప దగ్గరికి వచ్చాడు. "చెల్లె, గా వేలికి పెట్టేది ఉన్నదట గదా. జర ఇయ్యవా?"

ప్రభుదాస్ నా మొహం చూశాడు. ఆయన అరచేతుల మీద గాట్లు ఇంకా మానలేదు. నేను ఆక్సీమీటర్ ఇచ్చాను. పోశెట్టి మీద ప్రేమతో కాదు, గంగు తెచ్చిన నీళ్లు తాగాను కాబట్టి. గంగు దవాఖానకు వెళ్లి బతికి వచ్చింది. పోశెట్టి ఆ ఆక్సీమీటర్‌ను కవర్‌లో పెట్టి, కర్ర చివరకు తగిలించి కంప మీదుగా నా ముందుకు చాచాడు. అప్పటికి మేమే నెగెటివ్, వాళ్లింట్లోనే పాజిటివ్. అయినా కర్ర మా వైపే చాచాడు.

అక్కడితో జబ్బు అయిపోయిందనుకున్నాను. చెరుకు కోతలు మొదలయ్యే నాటికి వాసన తిరిగి వచ్చింది, కానీ తప్పుగా వచ్చింది. ఒకరోజు కుక్కర్ మూత తీయగానే అన్నంలోంచి ఎలుక చచ్చిన కంపు. బియ్యం పారబోసి కొత్తవి వండాను. అదే కంపు. ఉల్లిగడ్డ వేగుతుంటే మురికి కాలువ, చాయ్‌లో కాలిన రబ్బరు. రోడ్డు పక్కన బెల్లం వండుతుంటే చిన్నప్పుడు పరిగెత్తుకుపోయి వాసన పీల్చేదాన్ని, ఇప్పుడు అక్కడే కూర్చుని వాంతి చేసుకున్నాను. ప్రభుదాస్ పక్కన పడుకుంటే ఆయన చెమట కుళ్లిన మాంసంలా వచ్చేది. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలి? చెప్పకుండా గోడ వైపు తిరిగి ముక్కు మూసుకుని పడుకున్నాను. ఆయన ఇంకేదో అనుకుని లోలోపల కుమిలిపోయాడు. చివరికి ఏడుస్తూ చెప్పేశాను.

"గంతేనా? నా మీద మనసు ఇరిగిందనుకున్న," అన్నాడు. ఆ రోజు నుంచి వేరే గదిలో పడుకున్నాడు, ఒక్కనాడూ చిన్నబుచ్చుకోలేదు.

బట్టలు వదులైపోయాయి. టిఫిన్ సెంటర్ తెరిచినా నేను లోపల నిలబడలేకపోయాను. నిజామాబాద్‌లో ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోకి లైటు వేసి చూసి, "దీన్ని పారోస్మియా అంటారు. వాసన నరాలు మళ్లీ పెరుగుతున్నాయి, కానీ కనెక్షన్ తప్పుగా ఇస్తున్నాయి. నెమ్మదిగా సర్దుకుంటుంది. స్మెల్ ట్రైనింగ్ చేయండి," అన్నాడు. లవంగం, నిమ్మతొక్క, నీలగిరి తైలం, గులాబీ. రోజూ పొద్దున, సాయంత్రం ఒక్కొక్కటీ కాసేపు పీల్చి, దాని అసలు వాసన గుర్తు చేసుకోవాలి. మొదట్లో నాలుగూ ఒకే కంపు. చాలా నెలలకు నిమ్మ నిమ్మలా వచ్చింది. ఆ తొక్క పట్టుకుని వంటింట్లో కూలబడి ఏడ్చాను.

ఇప్పుడు టిఫిన్ సెంటర్ నడుస్తోంది. పోపు ప్రభుదాస్ పెడతాడు, అప్పుడు నేను బయటికి వచ్చి నిలబడతాను. ఉల్లిగడ్డ ఇంకా పూర్తిగా దారికి రాలేదు. ఊళ్లో ఎవరూ ఆ రోజుల ఊసెత్తరు. పోశెట్టి వచ్చి చెల్లె అనే పిలుస్తాడు, నేను వడ్డిస్తాను. అన్నా అని మాత్రం నా నోరు తిరగదు. క్షమించమని పాస్టరు గారు అంటారు. ప్రయత్నిస్తున్నాను, ఇంకా కుదరలేదు.

నాలాగే ముక్కు తిరగబడిన వాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. తిండి మానేయకండి, చల్లార్చి తినండి. ప్రభుదాసే ఇది కనిపెట్టాడు. ఒకరోజు పొద్దున చేసిన జొన్నరొట్టె, పెరుగు నా ముందు పెట్టి, "వేడిదే నీకు కంపు గొడుతున్నది, సల్లటిది తిని సూడు," అన్నాడు. అది లోపలికి పోయింది. ఆవిరితోనే వాసన ముక్కుకు ఎక్కుతుందని తర్వాత డాక్టర్ కూడా చెప్పాడు. వేడివేడిగా తింటేనే బలం వస్తుందని ఇంట్లోవాళ్లు బతిమాలుతారు. వాళ్లకు మీ ముక్కు సంగతి విడమరిచి చెప్పండి. తర్వాత కంచం తీసుకుని వంటింటికి దూరంగా, గాలి తగిలే చోట కూర్చుని, అన్నం బాగా ఆరాక మొదటి ముద్ద పెట్టుకోండి.