భిలాయిలో తుప్పు కొనుక్కునేవాళ్లు

ఒక యుద్ధాన్ని నేను మా వెనక వరండాలో నడిపాను. ఏడు టాంకులు, రెండు వందల మంది సైనికులు, బాంబులకి సగం కూలిన ఒక ఐరోపా పట్టణం. చూసినవాళ్లు నోళ్లు తెరిచి ఉండిపోయారు.

సరే, టాంకు ఒక్కటే. సైనికులు పదకొండు మంది. వాళ్లలో ఒకడికి తల లేదు, గమ్ము ఆరకముందే ఊడి ఏ బీరువా కిందికో దొర్లిపోయింది. పట్టణం అన్నది ఒక వీధి, ఆ వీధికి కూడా ఒక పక్కనే ఇళ్లు. చూసినవాళ్లంటే మా ఆవిడ. నోరు తెరిచిన మాట నిజమే, ఆవలింత వచ్చి.

ఈ ఊళ్లో రిటైరైన మగవాళ్లు పొద్దున్నే పార్కులో గుండ్రంగా తిరుగుతూ, తాము లేకపోతే ఇక్కడి ఉక్కు ప్లాంటు ఎన్నడో మూతపడేదని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎవరూ ఎవరి మాటా వినరు, తమ వంతు కోసం ఆగుతారంతే. నేనూ చెప్పేవాణ్ణి. ఫర్నేసు ముందు నిలబడి, కరిగిన ఇనుము రంగు చూసి వేడి ఎంతో చెప్పేవాణ్ణని చెప్పేవాణ్ణి. నేను పనిచేసింది స్టోర్సులో. ఫర్నేసు ముందు నిలబడేవాళ్లకి చేతి తొడుగులు ఇచ్చేవాణ్ణి, అదీ చిరిగిన పాతవి తెచ్చి చూపిస్తేనే. ఆ గుండ్రటి నడక మీద విరక్తి పుట్టి ఒక టాంకు పెట్టె, సైనికుల పెట్టెలూ తెప్పించుకున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలు వస్తాయి. వాటిని అతికించి, రంగులేసి, చుట్టూ నేలా గోడలూ శిథిలాలూ మనమే కట్టుకోవాలి. దాన్ని డయోరమా అంటారు. అక్కడితో పని సగమే అయినట్టు. ఆ జానెడు యుద్ధాన్ని, చూసినవాడు నిజమని మోసపోయేలా ఫొటో తీయాలి. అది మిగతా సగం. చాలామంది మొదటి సగంలోనే చేతులు దులుపుకుని, ట్యూబులైటు కింద పైనుంచి ఒక ఫొటో కొట్టి, దానికి పొగమంచు రంగు పూసి ఫోన్‌లో పంపుతారు. టాంకు పక్కన వాళ్ల టీ గ్లాసు కూడా కనిపిస్తూ ఉంటుంది.

ఇలాంటి మహానుభావులు భిలాయి, దుర్గ్, రాయపూర్‌లలో కొందరున్నారు. అందరికీ కలిపి ఫోన్‌లో ఒక గ్రూపు. వాళ్లలో పెద్ద తలకాయ సుపేలాలో మెడికల్ షాపు నడిపే ఒకాయన. మా శ్రీకాకుళం వైపువాళ్లే, కానీ పుట్టింది ఇక్కడే. తెలుగులో మొదలెట్టి హిందీలో దిగుతాడు. నన్ను అంకుల్ అంటాడు, అతనికీ జుట్టు తెల్లబడింది. షాపు వెనక గదిలో అతని టాంకులు అద్దాల బీరువాలో ఉంటాయి. ఆ బీరువాలో అడుగున ఏముందో చెబితే మీరు నమ్మరు. తుప్పు. చిన్న చిన్న సీసాల్లో తుప్పు పొడి. కొత్త తుప్పు ఒక సీసా, పాత తుప్పు ఒక సీసా, వానకి తడిసి కారిన తుప్పు మరో సీసా. విదేశాల నుంచి పార్సిల్‌లో వస్తాయి. ఇనుము కాచే ఊళ్లో పుట్టి, ఇనప గేటు తీసుకుని ఇంట్లోకి వెళ్లి, తుప్పు కోసం ఆర్డరు పెట్టే మనిషి!

నేను అలాంటివి కొనలేదు. మా కిటికీ రెక్కల మీద ఈ ఊరి ఎర్రదుమ్ము ఉండనే ఉంది. ఆవిడ పాత వాయిల్ చీర ముక్కలో వేసి జల్లించేవాణ్ణి. ఈ పనిలో రహస్యమంతా అక్కడే ఉంది. దుమ్ము రేణువు పెద్దదైతే టాంకు చిన్నదైపోతుంది, కన్ను వెంటనే పట్టేస్తుంది. వాడిన టీపొడి ఎండబెడితే రాలిన ఆకులు. అగరొత్తి వెలిగించి గోడ వెనక పెడితే కాలుతున్న ఇల్లు. ఇక గోడలంటారా, ఐరోపా నేనెప్పుడు చూశాను కనక? పెళ్లైన కొత్తలో ఖుర్సీపార్‌లో మేం అద్దెకున్న ఇంటి గోడ ఒక్కటే నాకు కంఠతా వచ్చు. ఆ చెమ్మ మరకలే వేశాను.

మొదటి ఫొటో గ్రూపులో పెట్టగానే మెడికల్ షాపు ఆయన గొంతుతో మెసేజి వచ్చింది.

"అంకుల్, టాంకు మస్త్ హై. కానీ యే ఫ్రాన్స్ నహీ, ఖుర్సీపార్ హై. మీ టాంకు పాలపేకెట్లు వెయ్యడానికి వచ్చినట్టుంది. బొమ్మ బొమ్మలాగే ఉంది, ఏమీ అనుకోకండి, బురా మత్ మాన్‌నా."

దాని కింద వరసగా నవ్వే ముఖాలు. నవ్వినవాళ్లలో ఒకాయన చేసిన సైనికుడికి రెండూ ఎడం కాళ్లే.

నాకు ఒళ్లు మండింది. వచ్చే ఆదివారం పొద్దున ఇదే వీధి ఫొటో మళ్లీ పెడతాననీ, దాన్ని బొమ్మ అని అతను కనిపెడితే ఈ పనే మానేసి నా పెట్టెలన్నీ అతని బీరువాలోకి పంపిస్తాననీ గ్రూపులో రాశాను. వీరుడిలా రాశాను. రాశాక ఫోన్ బోర్లా పెట్టి ఆలోచిస్తే, మానేస్తే మిగిలేది ఆ పార్కూ ఆ గుండ్రటి నడకే అని తట్టింది.

వారమంతా వీధికి కొత్తగా శిథిలాలు పరిచాను. ఇటుక ముక్కలు, విరిగిన కిటికీ చెక్కలు, పైన జల్లించిన దుమ్ము. సైనికులు వీధికి అడ్డంగా, తుపాకులు ఎత్తి. మా వరండాలోకి ఎండ ఏటవాలుగా వచ్చేది పొద్దున కాసేపే, తర్వాత పక్కింటి నీళ్ల టాంకు అడ్డం వస్తుంది. ఆ కాసేపట్లో ఫోన్‌ని సైనికుడి కంటి ఎత్తుకి దించి, వెనక నిజమైన ఆకాశం ఉండేలా తీయాలి. ఆదివారం లేవగానే బల్ల మీద కప్పిన దుప్పటి తీసి అన్నీ సర్దాను. పొగ కోసం దేవుడి గూట్లో చెయ్యి పెడితే అగరొత్తుల పెట్టె ఖాళీ.

"ఏటి వెతుకుతున్నారు?" అంది ఆవిడ.

"అగరొత్తులు."

"మీ టాంకుకి పొగెట్టి పొగెట్టి నా దేవుడికి లేకుండా సేసారు. వెళ్లి రెండు పెట్టెలు తెండి. ఒకటి దేవుడిది, దాని జోలికి రావద్దు."

వెళ్లాను. మూల మీది కిరాణా కొట్టు ఇంకా తెరవలేదు, మరోదా బస్తీకి వెళ్లే రోడ్డు దాకా నడవాల్సి వచ్చింది. వచ్చేసరికి వరండా తడిగా మెరుస్తోంది. బల్లా మెరుస్తోంది. నా వీధి అద్దంలా ఉంది.

ఇటుక ముక్కలన్నీ గోడ వారకి చిన్న కుప్పగా చేరి ఉన్నాయి. విరిగిన చెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. దుమ్ము లేదు, కుంచె గీతలే మిగిలాయి. సైనికులు ఊడవడానికి అడ్డమని గోడకి జారబడ్డారు. తల లేనివాడు గుమ్మం నీడలో ఉన్నాడు. తుపాకి గురిపెట్టినవాడు గోడకి ఆనుకుని గోడకే గురిపెట్టాడు.

"ఇదేం పనే?"

"ఏటయింది? గాలికి దుమ్మంతా మీ ఊరి మీద పడింది. ఫొటో తీసుకుంటారు కదా పాపం అని తుడిసీసాను. గుడ్డ పట్టలేదు, మీ సన్న కుంచెతోనే ఊడిసాను."

"ఆ దుమ్ము నేనే పోశాను."

ఆవిడ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "మీరు పోసారా? కాపరానికొచ్చినకాడినించి నేను ఈ ఎర్రదుమ్ము తుడుస్తంటే, మీరు జల్లించి మరీ పోస్తన్నారా?"

"అది యుద్ధమే. యుద్ధంలో వీధి అలాగే ఉంటుంది."

"అయితే మాత్రం? యుద్ధమైనా ఏదైనా, అయిపోయాక ఎవరో ఒకరు తుడవాలి కదా. మీ మిలిట్రీవోళ్లు తుడుస్తారేటి?" అని బకెట్టు తీసుకుని లోపలికి పోయింది.

ఎండ అప్పటికే నీళ్ల టాంకు దగ్గరికి జరిగింది. మళ్లీ దుమ్ము జల్లించే వ్యవధి లేదు. గోడకి గురిపెట్టినవాణ్ణి తీసి జేబులో వేసుకున్నాను, మిగతావాళ్లని అలాగే వదిలేశాను. ఫోన్‌ని సబ్బుపెట్టెకి ఆనించి నాలుగు ఫొటోలు తీశాను. అగరొత్తి వెలిగించడం కూడా మరిచిపోయాను. ఒకటి గ్రూపులో పెట్టి, పెట్టెలన్నీ ఒక సంచిలో సర్దడం మొదలెట్టాను.

చాలాసేపటికి మెడికల్ షాపు ఆయన ఫోనే చేశాడు.

"అంకుల్, సచ్ బోలో. ఇది ఎక్కడినుంచి ఎత్తారు?"

"అంటే?"

"మీ వీధి లాంటిదే ఎక్కడో వెతికి పట్టారు, ఇది పాత ఫొటో కదా, అస్లీ. మోడల్ చేసేవాడు చెత్త పోస్తాడు గానీ ఊడవడు కదా అంకుల్. ఇక్కడ ఎవరో ఊడిచారు. గుమ్మం ముందు చీపురు గీతలు కూడా కనిపిస్తున్నాయి. సోల్జర్లు థక్‌కే, అలిసిపోయి, గోడకి ఆనుకున్నారు. పందెం ఓడిపోతానని బయటి ఫొటో పెట్టడం ఠీక్ నహీ."

సంచి కింద పెట్టేశాను. నలిగిన దుప్పటితో, సబ్బుపెట్టెతో సహా బల్లంతా కనిపించేలా ఇంకో ఫొటో తీసి పంపాను. అది చూసుకుని అతను అడిగాడు: "ఆ దుమ్ము ఏ కంపెనీది అంకుల్?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే స్థాయికి నేను దిగలేదు. గ్రూపులోకి వెళ్లి పొడుగాటి మెసేజి రాశాను. యుద్ధం వెళ్లిపోయాక ఒక ఊరు మొట్టమొదట చేసే పని ఏమిటని నెలల తరబడి ఆలోచించాననీ, శిథిలాలు పరచడం పిల్లల పని, వాటిని ఊడ్చిన చెయ్యిని చూపించడమే కళ అనీ, ఇకనైనా నేర్చుకోండనీ. బొటనవేళ్లు లేచాయి. చప్పట్లు కొట్టే చేతులు వచ్చాయి. తల లేనివాడు గుమ్మంలో నిలబడే ఉన్నాడు. అంతమంది నిపుణుల్లో ఒక్కడికీ వాడు కనబడలేదు.

ఆవిడ టీ తెచ్చి పెట్టింది. "ఏటంటాడు మీ మందుల కొట్టాయన?"

"బాగుందట."

"ఏది బాగుందట?"

"వీధి."

"వీధి నేను ఊడిసిందే కదా," అంది. గొప్పగా అనలేదు, ఉప్పు తానే వేశానని చెప్పినట్టు అంది.

టీ తాగుతూ ఆలోచించాను. తర్వాత గ్రూపులో ఇంకో మెసేజి పెట్టాను: "ఊడ్చింది మా ఆవిడ. నాకు తెలియకుండా ఊడ్చింది. నేను అరిచాను కూడా." దీనికి ఒక్క బొటనవేలు లేవలేదు. నవ్వే ముఖాలు వచ్చాయి. నెలల తరబడి ఆలోచించానన్నది నమ్మారు, ఇది జోకనుకున్నారు. ఆ గ్రూపు మీద నాకున్న అభిప్రాయం మార్చుకునే అవసరం రాలేదు.

ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. నా ఫొటోలు అడిగి చూసే మనిషి కాదు. కళ్లజోడు పెట్టుకుని, రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేసింది. గుమ్మం దగ్గర ఆగింది, చెమ్మ మరక దగ్గర ఆగింది.

"ఇది మన ఖుర్సీపార్ గోడ కదండి," అంది.

"అవును."

ఇంకాసేపు చూసింది. తల లేనివాణ్ణి దాటి, టాంకు వెనక మూలకి జరిపింది.

"ఇక్కడ దుమ్ము ఉండిపోయింది," అని ఫోన్ నా చేతిలో పెట్టి, బల్ల దగ్గరికి వెళ్లి నా సన్న కుంచె తీసింది.