పెద్దమ్మ పసుపు నోటు

మా వీధి కిరాణా పెద్దమ్మ ఇక లేదు. మొన్న మంగళవారం నేను దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఆమె కోడలు ఏడుస్తూ వచ్చి చెప్పింది. పటాన్‌చెరులో నేనింకా బట్టలు కుడుతున్నానంటే ఆ పెద్దమ్మ చలవే.

ఆమెకో అలవాటు ఉండేది. నెలకోసారి ఒక వంద నోటు మూలకు పసుపు అద్ది, ఎవరికో చిల్లరలో ఇచ్చి పంపేది. అది మళ్లీ తన గల్లాకు ఎన్నాళ్లకు వస్తుందో చూసేది. కంపెనీల్లో ఓవర్‌టైం పనులు నడిచే రోజుల్లో టిఫిన్ బండి, ఆటో, నా కుట్టుమిషన్ అన్నీ చుట్టి నాలుగు రోజుల్లో వచ్చేసేది. "గీ నోటుకు కాళ్లున్నయే! మన ధైర్యమే దాని కాళ్లు," అని మురిసిపోయేది.

పక్కనున్న ఫ్యాక్టరీ రెండు షిఫ్టులు ఆపేసిన ఏడాది పసుపు నోటు నెలన్నరైనా రాలేదు. జీతం తగ్గినవాళ్లే కాదు, తగ్గనివాళ్లూ చెయ్యి బిగించారు. నాకు పని లేదు. కిరాయి కట్టలేక మిషన్ అమ్మేద్దామనుకున్నాను. అప్పుడు పెద్దమ్మ ఎనిమిది జాకెట్లకు గుడ్డ తెచ్చి, కూలి ముందే చేతిలో పెట్టింది. నేను ఆ డబ్బు బియ్యం డబ్బాలో దాచాను. మిషన్ మోటారు మొరాయిస్తున్నా బాగు చేయించలేదు. వారం తర్వాత వచ్చి చూసి గయ్యిమంది.

"పైసలు యాడ పెట్టినవే?"

"దాసిన పెద్దమ్మా. రేపెట్లుంటదో ఏమో."

"అందరు గట్లనే దాస్తున్నరు. ఊర్ల పైసలు తక్కువ గాలే, భయానికి కూసున్నయి. జల్దీ మోటర్ చేపియ్యి. మెకానిక్ ఇంట్ల పొయ్యి ఎలగాలె గద!"

సిగ్గేసి మోటారు బాగు చేయించాను. ఆ సాయంత్రమే మెకానిక్ పెద్దమ్మ దగ్గర పప్పు, నూనె కొన్నాడట. అది చెప్పి ఆమే నవ్వింది. "నా ఎనిమిది జాకెట్లతోని ఊరంత నడుస్తదా? కంపెనీ మల్ల షురూ గావాలె. గప్పటిదాంక మనమైతె ఆపొద్దు." ఆమె చెప్పగా ఇంకో ఇద్దరు గుడ్డలు తెచ్చారు. కిరాయి కట్టాను, మిషన్ దక్కింది.

ఈమధ్య అందరూ ఫోన్లతోనే చెల్లిస్తుంటే, "ఇగ పసుపు దేనికి పెట్టాలె?" అని ఆటపట్టించేది.

ఆమెను సాగనంపేటప్పుడు పేలాలతో పాటు చిల్లర చల్లారు. నిండుగా బతికినవాళ్ల మీద చల్లిన బిళ్ల గల్లాలో దాచుకుంటే కలిసొస్తుందని మా దగ్గర నమ్మకం. నాకూ ఒక పది రూపాయల బిళ్ల దొరికింది. మూడు రోజులు దాచుకున్నాను. చూసినప్పుడల్లా ఏడుపొచ్చింది.

నాలుగో రోజు దాన్ని తీసుకెళ్లి నల్లదారం కొన్నాను.