ఎలుక కిడ్నీ ఎర్రబడిన మధ్యాహ్నం

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే లేచి పక్కకు పోయే మనిషిని నేను. చదివింది సైన్సు, చేసేది కత్తితో కోసే పని. శవాన్ని చూసినా, చీకటిని చూసినా నాకేమీ అనిపించేది కాదు. ఇది కూడా ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడదామని, అంతే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ఖమ్మంలో ఒక చిన్న పరిశోధనశాలలో ఎలుకలకు కిడ్నీ మార్పిడి ఆపరేషన్లు చేసేదాన్ని. మనుషులకు ఇవ్వబోయే మందులను ముందు వాటిమీద చూసేవాళ్లం.

ఒక ఎలుక కిడ్నీ తీసి, మంచులో పెట్టిన సెలైన్‌తో కడిగి, ఇంకో ఎలుకకు కుట్టాలి. రక్తనాళం సేమియా పోగంత ఉంటుంది. కుట్టే దారం వెంట్రుక కన్నా సన్నం. మైక్రోస్కోపు కింద తప్ప సరిగ్గా కనపడదు. కుట్లు పూర్తయ్యాక, రక్తం ఆపడానికి పెట్టిన క్లిప్పు తీస్తే, పాలిపోయి ఉన్న కిడ్నీలోకి రక్తం వచ్చి ఎర్రబడుతుంది. కాసేపటికి మూత్రనాళం కొసన ఒక చుక్క నిలుస్తుంది. ఆ చుక్క కోసమే మా కష్టమంతా.

ఆ రోజుల్లోనే మా అక్క సరోజకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఆమె అత్తగారిది భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఊరు. నా కిడ్నీ ఇద్దామంటే నా రక్తం ఆమెకు కలవలేదు. అమ్మకు షుగరు. బావ డయాలసిస్ కోసం ఆమెను ఖమ్మం తిప్పీ తిప్పీ అలసిపోయాడు. చివరికి అక్కే వద్దంది.

"ఇగ నన్ను తిప్పకుండ్రి. ఇంటికాడనే ఉంట" అంది.

అంతకుముందు ఒకసారి నవ్వుతూ, "ఎలుకలకు పెడుతున్నవ్ గద చెల్లె, నాకు పెట్టరాదే?" అని అడిగింది. నాకు నవ్వు రాలేదు.

అప్పటికి కొన్ని నెలలుగా ఆమెకు మూత్రమే రావడం లేదు. ఒళ్లంతా ఉబ్బిపోయింది. దాహమేసినా గుక్కెడు నీళ్లే. అమ్మ ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆపరేషన్ మొదలుపెట్టాం. ఎలుకకు మత్తు ఇచ్చేది పశువైద్యురాలు సునీత. నాతో పాటే చేరిన మనిషి. కుట్లు బాగానే పడ్డాయి. క్లిప్పు తీశాను. కిడ్నీ ఎర్రబడలేదు.

"ఊపిరి ఆగిందే" అంది సునీత.

మైక్రోస్కోపులో చూశాను. పొట్టలోని పెద్ద రక్తనాళం కొట్టుకోవడం లేదు. సునీత ఎలుక ఛాతీ నొక్కింది, సూది వేసింది. లాభం లేకపోయింది. నేను పనిముట్లు పక్కన పెట్టి గ్లౌజులు తీసేశాను. మంచు నీళ్లలో నాని నా వేళ్లు మొద్దుబారి ఉన్నాయి.

సునీత నా భుజం పట్టుకుంది. "ఇటు రా. ఇది చూడు."

కిడ్నీ ఎర్రబడుతోంది. పక్కనున్న రక్తనాళంలో కదలిక లేదు. ఎలుక చల్లబడిపోతోంది. అయినా కిడ్నీ నిండుగా, బతికున్నదానిలా ఎర్రగా అయింది. మూత్రనాళం కొసన చుక్క నిలిచి రాలింది. మరొకటి వచ్చింది. ఆగకుండా వస్తూనే ఉన్నాయి. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. తర్వాత అది మెల్లగా నల్లబడిపోయింది.

ఆ సాయంత్రమే బావ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. ఆయన ఏడుస్తుంటేనే విషయం అర్థమైంది. దొరికిన బస్సెక్కి వెళ్లిపోయాను. ఎలుక సంగతి దారిలో ఎవరికీ చెప్పలేదు. నాకే గుర్తు లేదు.

అక్కను వాకిట్లో పడుకోబెట్టారు. నేను పక్కన కూర్చోగానే అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అక్క ఉన్నట్టుండి కళ్లు తెరిచిందట.

"చెల్లె, నీ చేతులు గింత సల్లగున్నయేందే? కడుపుల జర మెల్లగ పెట్టు" అందట.

ఆ మాట బావ కూడా విన్నాడు. ఆ వెంటనే, "అమ్మా, నాకు ఒంటికొస్తాంది!" అని చిన్నపిల్లలా సంబరపడిందట. పక్క తడిసి, చాప దాటి నేలమీదికి పారిందని అమ్మ చెప్పింది. తర్వాత హాయిగా కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

గుండె మన కంటికి అందనంత మెల్లగా కొట్టుకుని ఉంటుందని ఎలుక గురించి సునీత అంది. మూత్రాశయంలో మిగిలిన కాస్త మూత్రం చివర్లో బయటికి రావచ్చని అక్క గురించి డాక్టరు అన్నాడు. విడివిడిగా రెండూ ఒప్పుకుంటాను. రెండూ ఒకే మధ్యాహ్నం ఎందుకు జరిగాయో, నా చేతుల చల్లదనం అంత దూరాన ఆమెకు ఎలా తెలిసిందో మాత్రం నేను ఇప్పటికీ చెప్పలేను.

అమ్మకు ఇవేవీ అక్కర్లేదు. ఆమెకు నా మీద ఉన్నది కోపం ఒక్కటే.

"అక్కను చూడనీకి వచ్చినదానివి, నాతోని ఒక్క మాటన్న మాట్లాడకుండ పోతివి గద బిడ్డా" అంటుంది.

ఆ మధ్యాహ్నం నేను రాలేదని మొదట్లో చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం మానేశాను.