ఆంటీ చెయ్యెత్తేదాకా

మా ఎదురింటి అంకుల్ పోయారు. మాంచెస్టర్‌లో, మా వీధిలోనే, ఇంకొకరి కారు కింద, పట్టపగలు పదకొండు గంటలకు. జాకీ జారి కారు ముందుభాగం ఆయన ఛాతీ మీద పడింది. ఆ పూట ఎమర్జెన్సీలో డ్యూటీ నాదే. ట్రాలీ మీద ఉన్నది ఆయనేనని బట్టతల మీది పాత మచ్చ చూసి గుర్తుపట్టాను. ముఖం చూసి కాదు. అరగంట ఛాతీ నొక్కాం. నా చేతుల కింద పక్కటెముకలు కదలడం తెలుస్తూనే ఉంది. చివరికి ప్రాణం పోయిన టైము నేనే చెప్పాను, నర్సు రాసుకుంది.

"నాలుగు మంచి మాటలు రాయండి డాక్టరుగారూ" అన్నారు వీధిలో మనవాళ్ళు. నాలుగు మాటలు రాస్తాను. అన్నీ మంచివే ఉంటాయని మాత్రం చెప్పలేను. పోయినవాళ్ళంతా దేవుళ్ళే అనే మర్యాద నాకు అబ్బలేదు.

అంకుల్‌ది కడప వైపు. లారీల మెకానిక్కుగా మొదలై, కువైట్ వెళ్ళి, అక్కణ్ణుంచి ఇక్కడి బస్ గ్యారేజీకి వచ్చి రిటైరయ్యారు. నోరు తెరిస్తే బూతు. స్పానర్ అడిగితే అందించరు, విసురుతారు, పట్టుకోలేకపోతే మన ఖర్మ. టీ కప్పు ఎప్పుడూ ఇంజను మీదే పెట్టేవారు. ఆంటీతో బయటికి వస్తే ఆమెకు ఎడమ పక్కనే నడిచేవారు. ఫుట్‌పాత్ ఇరుకైతే తను రోడ్డులోకి దిగేవారు గానీ ఆ పక్క వదిలేవారు కాదు. ముసలి మొగుడూ పెళ్ళాల ముచ్చట అనుకుని నవ్వుకునేదాన్ని.

ఆయనతో నా మొదటి పరిచయం వీల్ స్పానర్‌తో జరిగింది. నేను జపాన్ నుంచి వచ్చిన పాత హైబ్రిడ్ కారు కొని రెండు వారాలయింది. ఇక్కడ మన డాక్టర్లలో సగం మంది మొదటి కారు అదే కదా. చవక, ఆటోమేటిక్, చెడిపోదు. రంగు బూడిద. నవంబరు మధ్యాహ్నం, సన్నటి తుంపర, ఆకాశమూ రోడ్డూ కారూ అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. మా వీధిలో రెండువైపులా కార్లు ఆగి ఉంటాయి, మధ్యలో ఒక్క కారు పట్టేంత దారి. బ్యాటరీ మీద మెల్లగా వస్తున్నాను, చప్పుడు లేదు. రెండు కార్ల మధ్యనుంచి ఆంటీ అడుగు బయట పెట్టింది. నా వైపు చూసింది కూడా. అయినా వచ్చేసింది. బ్రేకు తొక్కేలోపే బంపర్ ఆమె తుంటికి తగిలింది. చెయ్యి ఆనించి పడింది, మణికట్టు విరిగిన చప్పుడు అద్దంలోంచి వినిపించింది.

నేను దిగేలోపే అంకుల్ వచ్చేశారు. మొదటి దెబ్బకు ఎడమ హెడ్‌లైట్ పగిలింది. రెండో దెబ్బకు పక్క అద్దం ఊడి రోడ్డు మీద దొర్లింది. మూడోసారి స్పానర్ లేచింది నా తల కోసమే.

"కండ్లు యాడ బెట్నావే? మనిషి కనపళ్ళేదా?"

ఆంటీ కింద పడే ఉండి, బాగున్న చేత్తో ఆయన కాలు పట్టుకుంది. "కొట్టొద్దు! పాప తప్పు గాదు. నేను జూస్తి. ఆగిన కారనుకుంటి!"

స్పానర్ గాలిలోనే ఆగిపోయింది. భయంతో కారు సీటు తడిపేశాను. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు.

ఆస్పత్రిలో ఆంటీ చేతికి కట్టు కట్టిస్తూ ఎడమ పక్కనుంచి రెండు మూడు ప్రశ్నలు అడిగాను. జవాబు లేదు. కుడి పక్కకు వచ్చి అడిగితే టక్కున చెప్పింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. లోపల చూస్తే పాత గాయం. ఎమర్జెన్సీలో పనిచేసేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఎదురుగా నిలబడ్డ కుడిచేతివాటం మనిషి చెంపమీద కొడితే ఎక్కువగా పోయేది ఎడమ చెవి. ఎలా పోయిందని అడిగాను. "బాత్‌రూంలో పడితి" అంది ఆంటీ, కిటికీ వైపు చూస్తూ.

వారం తర్వాత అంకుల్ మా గుమ్మం ముందుకొచ్చారు. క్షమించమనలేదు. పాత కార్ల యార్డు నుంచి తెచ్చిన హెడ్‌లైట్ ఒక చేతిలో, రెండు సన్నటి తెల్ల లైట్లు ఇంకో చేతిలో.

"బండి తాళం ఇయ్యి. ఈ జపాన్ బండ్లు పిల్లి మాదిరి సద్దు లేకుండా వచ్చాయి. ముందర పగలు గూడా వెలిగే దీపాలు పెట్టల్ల. షోరూమోడు అడిగే దుడ్డుకు ఇంకో బండే వచ్చాది. నేను పెడ్తా."

తాళం ఇచ్చాను. బంపర్ విప్పి ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టారు. వైర్లు కొరుకుతూ, ఎవర్నో తిడుతూ పని చేస్తున్నారు. నేను దగ్గరికెళ్ళి నిలబడ్డాను. అడిగేశాను.

"ఆంటీ చెవి ఎవరు కొట్టారు అంకుల్?"

ఆయన తల ఎత్తలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి చూపించారు. "ఈ చెయ్యే. ఇక్కడికొచ్చిన కొత్తల్లో. గ్యారేజీ డ్యూటీల కాయితం పాత పేపర్లతో పాటు పారేసిందని. చెవి మీద ఒకటే దెబ్బ."

"మిగతా చోట్ల?"

"లెక్కబెట్లే." వైరు చివర మెలిపెట్టారు. "పది రోజులు చీము కారింది. జీపీ డాక్టరు కాడికి పిల్చుకపోలే. ఎట్లయిందని అడుగుతారని."

"లేవండి," అన్నాను. "ఆ స్క్రూడ్రైవర్ మీ కంట్లో దించకముందే నా ఇంటి ముందునుంచి లేచి వెళ్ళండి."

వెళ్ళిపోయారు. ముక్కు ఊడిన ముఖంలా నా కారు మూడు రోజులు వైర్లు వేలాడేసుకుని వానలో నిలబడింది. నేను బస్సులో డ్యూటీకి వెళ్ళాను. నాలుగో రోజు ఆంటీ వచ్చింది, చేతికి కట్టుతో.

"బంపర్ పెట్టించుకో పాపా."

"ఆ చేత్తో నా కారు ముట్టుకోనివ్వను ఆంటీ."

"ఆయప్ప కోసం గాదు. ఆయప్ప యా గంగలో దూకితే నాకేమి. నా కోసం. నేను రోడ్డు దాటల్ల గదా?"

నా రోషం నాకుంది, బానే ఉంది. కానీ రోడ్డు దాటాల్సింది ఆమె. తాళం తీసుకెళ్ళి ఎదురింటి తలుపు కింద పడేసి వచ్చాను.

ఆయన పని చూడాలి. కారు ఆన్ చేస్తే తప్ప కరెంటు రాని ఫ్యూజునుంచి వైరు తీశారు, లేకపోతే రాత్రికి బ్యాటరీ చస్తుందట. హెడ్‌లైట్ వేయగానే ఇవి ఆరిపోయేలా మధ్యలో చిన్న రిలే పెట్టారు. రెండు లైట్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా అని టేపుతో మూడుసార్లు కొలిచారు. పాత కార్ల యార్డులో దొరికిన దీపాలు, ఆన్‌లైన్లో కొన్న వైర్ల కట్ట, ఒక పూట పని. అంతకుమించి ఏమీ లేదు. కూలి అడిగితే బూతు తిట్టారు.

కూలికి బదులు పరీక్ష ఉండేది. ఆంటీ ఫుట్‌పాత్ అంచున, తను పడ్డ చోటే నిలబడాలి. దీపాలు పెట్టించుకున్నవాళ్ళం వీధి చివరినుంచి బ్యాటరీ మీద చప్పుడు లేకుండా రావాలి. ఆంటీకి దీపాలు కనపడగానే చెయ్యెత్తాలి. కారు ఎర్ర పోస్టు డబ్బా దాటకముందే చెయ్యి లేస్తే పాసు. దాటాక లేస్తే బంపర్ మళ్ళీ విప్పుడే. నా కారు మొదటిసారి ఫెయిలయింది, దీపాలు కొంచెం కిందికి చూస్తున్నాయని. వానలో మళ్ళీ రెండు గంటలు.

"కనపడేది బండి పని, జూసేది మనిషి పని. రెండూ జరగల్ల," అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. "జూడ్లేదు అనేది జవాబు గాదు."

అలా మా వీధిలో మనవాళ్ళ ఇంపోర్ట్ కార్లన్నిటికీ ఆయన చేతి దీపాలే. వద్దన్నవాళ్ళ ఇంటి తలుపు మీద పిడికిలితో గుద్దేవారు. ఒకాయన కొత్తగా తెచ్చిన కారుకు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, భక్తి ఎక్కువై ఈ దీపాల మీద కూడా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాడు. అంకుల్ అందరిముందూ దీపాల మీద ఉమ్మి చొక్కా చేతితో తుడిచేశారు. కారాయన గుండె పట్టుకున్నాడు. "దేవునికి కండ్లుండాయి లేబ్బా. ఈమెకు చెవి లేదు," అన్నారు అంకుల్ ఆంటీని చూపిస్తూ. కొబ్బరికాయ ఇంకా కారాయన చేతిలోనే ఉంది. దాన్ని ఎవరి తల మీద కొడతాడోనని అందరం వెనక్కి జరిగాం.

ఒక డెలివరీ వ్యాను వేగంగా వచ్చి ఆంటీ చీర కొంగు రాసుకుపోయిన రోజున ఆయన నిజంగానే కొట్టారు. వ్యానుకు అడ్డం నిలబడి, స్పానర్‌తో అద్దం పగలగొట్టి, డ్రైవర్ని కాలర్ పట్టి కిటికీలోంచి సగం బయటికి లాగారు. వాడి ముక్కూ కనుబొమ్మా పగిలాయి. పోలీసులు వచ్చి చేతులు వెనక్కి విరిచి తీసుకెళ్ళారు. ఆ డ్రైవరుకు కుట్లు వేసింది నేనే. "ఆమెను చూడలేదు డాక్టర్" అంటూనే ఉన్నాడు. అంకుల్ వేళ్ళ కణుపులకూ నేనే వేశాను. మత్తు ఎక్కేదాకా ఆగాలని అనిపించలేదు. అయినా ఆగాను.

"మళ్ళీ ఎప్పుడైనా ఆంటీని కొట్టారా?" అని సూది గుచ్చుతూ అడిగాను.

"ఆ చెవి పోయినంక ముట్లే."

ఆంటీని విడిగా అడిగితే నిజమే అంది. అప్పటినుంచి ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఇష్టం కలిగిందని కూడా ఒప్పుకోవాలి. ఆ ఇష్టం నాకు ఇప్పటికీ సుఖంగా లేదు.

ఆయన పోయిన రోజు వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి కారు చేస్తున్నారు. అబ్బాయి ఆఫీసుకు వెళ్ళాడు. కుడి దీపం బిగించారు. ఎడమ దీపం కోసం కిందికి దూరారు. జాకీకి తోడు ఊతంగా స్టాండ్లు పెట్టకుండా కారు కిందికి వెళ్తే కాళ్ళు విరగ్గొడతానని అందర్నీ బెదిరించే మనిషి, రెండు క్లిప్పులే కదా అనుకున్నారేమో, పెట్టలేదు.

ఇలాంటి చావుల్ని విచారించే కరోనర్ నుంచి కాగితాలు రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఆంటీ నా ఎడమపక్కకు వచ్చి కూర్చుంది, బాగున్న చెవి నాకు దగ్గరగా ఉండేలా. తనే చెప్పింది.

"అరుపు ఇనపడింది పాపా. ఆయప్ప గొంతే. యాడనో తెల్లే. వెనకాల పెరట్లో అనుకుని పరిగెత్తితి. ఆడ లేడు. మేడ మీదికి పోతి. ఆడా లేడు. ముందరికి వచ్చేలకు అరుపు ఆగిపోయింది."

ఒక్క చెవితో వినేవాళ్ళకు చప్పుడు వినిపిస్తుంది గానీ ఏ దిక్కునుంచో తెలియదు. నేను చదువుకున్న సంగతే. ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు, ఆమెకు నాకంటే బాగా తెలుసు. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అని తర్వాత ఎవరో నా వెనక గొణిగారు. ఆ మాట నేను అనలేను. ఏమీ చేసుకోకుండానే కారు కింద నలిగి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. కానీ ఆ పెరడు, ఆ మెట్లు, ఆమె ఎటుపడితే అటు పరిగెత్తడం నా కళ్ళముందునుంచి పోవడం లేదు.

"ఆయన గురించి రాయమంటున్నారు ఆంటీ. ఏం రాయను?"

"చెవి సంగతి రాయి. నేను క్షమించినానని రాయొద్దు. దీపాలు పెట్నాడని రాయి."

లేవబోతూ ఇంకో మాట అంది. "ఆయప్పను తీసకపోయే పొద్దు అన్ని బండ్లూ రావల్ల. ఆ పిల్లోని బండి కూడా."

అంత్యక్రియల రోజు మళ్ళీ అదే తుంపర. శవపేటిక ఉన్న నల్లకారు ఎదురింటి ముందు ఆగి ఉంది. దాని వెనక చేరడానికి వీధి చివర మా కార్లన్నీ వరసలో నిలబెట్టాం. అంత్యక్రియలు జరిపించే నల్లకోటు ఆయన వచ్చి, ఊరేగింపు కదా, హెడ్‌లైట్లు వేసుకోండి అన్నాడు. వేస్తే అంకుల్ దీపాలు ఆరిపోతాయి. ఎవరమూ వేయలేదు.

ఆంటీ ఫుట్‌పాత్ అంచున తన చోట నిలబడి ఉంది. పక్కన నిలబడబోయిన ఆడవాళ్ళను వెనక్కి జరగమంది. ఎడమ పక్క ఖాళీగా ఉంది. నా కారు ముందు. బ్యాటరీ మీద మెల్లగా కదిలాను. పోస్టు డబ్బా ఇంకా దూరం ఉండగానే ఆమె చెయ్యి లేచింది. నేను వెళ్ళి నల్లకారు వెనక ఆగాను. చెయ్యి దించి, తర్వాతి కారుకు మళ్ళీ ఎత్తింది. ఆ తర్వాతి దానికీ. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను.

అన్నిటికన్నా వెనక ఆ అబ్బాయి కారు. కుడి దీపం ఒక్కటే వెలుగుతోంది. ఎడమ వైపు వైరు టేపు చుట్టి వదిలేసి ఉంది. కారు పోస్టు డబ్బా దాకా వచ్చింది. ఆంటీ చెయ్యి లేవలేదు. అబ్బాయి అక్కడే ఆపేశాడు. వైపర్లు తిరుగుతున్నాయి. నల్లకోటు ఆయన వాచీ చూసుకున్నాడు. ఆంటీ ఆ ఒక్క దీపం వైపే చూస్తూ నిలబడింది. ఆమె చెయ్యెత్తేదాకా మా వీధిలో ఒక్క కారూ కదల్లేదు.