ఉల్లిపొర మీద ఎర్ర చుక్కలు

మా చిన్నప్పుడు ఒక్క ఉల్లిగడ్డ పొరను నలభై మందిమి వరుస కట్టి చూసేవాళ్లం... దంతాలపల్లి దగ్గర మా బడిలో ఉన్నది ఒకటే సూక్ష్మదర్శిని. అది కూడా ఏడాదికోసారే బీరువా దాటి బయటికొచ్చేది. "కన్ను పెట్టున్రి, చెయ్యి పెట్టొద్దు" అంటూ సైన్సు సారు పక్కనే కాపలా నిలబడేవారు.

ఆ ఏడాది మేం తొమ్మిదో తరగతి. పొరకు వేసే రంగు సీసాలో ఎండిపోయింది. రంగు వేయకపోతే కణంలో ఏముందో సరిగా కంటికి ఆనదు. సారు కాసేపు ఆలోచించి నా వైపు తిరిగారు.

"షాహీన్, మీ ఇంట్ల జర్దాల వేసే ఎర్రరంగు ఉంటది గద... రేపు జర నీళ్లల్ల కలిపి, బట్టతోని వడగట్టి తే బిడ్డా."

మా అమ్మీ పండక్కి వండే తీపి అన్నంలో వేసే పొడి అది. మా ఇంటి రంగుతో క్లాసంతా కణాన్ని చూడబోతోందంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు...

తెల్లారి బడికి ఆలస్యమైంది. సీసాలో నీళ్లు పోసి, చేతికందినంత పొడి వేసి, ఊపుకుంటూ ఉరికాను. వడగట్టలేదు. సారు అడిగితే "వడగట్టిన సార్" అనేశాను. ఇంత చిన్న అబద్ధం ఎవరికి అడ్డమొస్తుందిలే అనుకున్నాను.

సారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. చుట్టూ గట్టిగా ఉండేది కణకవచం, మొక్కల కణాలకు ఉంటుంది, జంతువులకు ఉండదు. దాన్ని ఆనుకుని లోపల పల్చటి ప్లాస్మాపొర... ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో చూసుకునేది అదే. మధ్యలో కేంద్రకం, కణం పనులన్నీ దాని చెప్పుచేతల్లో నడుస్తాయి. నీళ్లు దాచుకునేందుకు రిక్తిక, ఆహారం నుంచి శక్తి తీసేందుకు మైటోకాండ్రియా. "ఉల్లిగడ్డ మట్టిల ఉంటది, ఎండ తగలదు... గందుకే దీంట్ల హరితరేణువులు ఉండయ్" అన్నారు. రోజూ కూరలోకి తరిగే ఉల్లిగడ్డలో ఇంత సంసారం ఉందా అని నోరెళ్లబెట్టాను.

నా వంతు వచ్చింది. ఇటుకలు పేర్చినట్టు గదులు... లీలగా ఒక్కో గుండ్రటి కేంద్రకం... వాటి చుట్టూ బోలెడు ఎర్ర చుక్కలు!

"సార్, మైటోకాండ్రియా కనవడుతున్నయ్!" అని అరిచాను. వెనక వరుసంతా ఎగబడింది. ఆ తర్వాత చూసినవాళ్లందరికీ అవి కనిపించాయి. అందరం చుక్కలు గీశాం, గీతలు లాగి పేర్లు కూడా రాశాం.

జమున ఒక్కతే గీయలేదు. పక్క తండా నుంచి నడిచొచ్చి నా బెంచీ మీదే కూర్చునేది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు... అందుకే క్లాసులో ఆచితూచి మాట్లాడేది. తన బొమ్మలో గోడలు, కేంద్రకాలు, అంతే. చుక్కలేవని సారు అడిగితే లేచి నిలబడింది.

"గా చుక్కలు పొర లేని కాడ గూడ ఉన్నయ్ సార్. ఉత్త స్లైడు అద్దం మీద గూడ ఉన్నయ్. కణంల భాగమైతే బయటికెట్ల వస్తయ్?"

క్లాసంతా గొల్లున నవ్వింది. "తండా ఉల్లిగడ్డలు గట్లనే ఉంటయేమో" అని వెనక నుంచి ఎవరో అన్నారు. సారు కూడా నవ్వి, "మంచిగ చూడు బిడ్డా, పుస్తకంల లేవా?" అన్నారు.

జమున నా వైపు చూసింది. నా వేళ్లకు ఇంకా ఎర్రపొడి అంటుకునే ఉంది. అవి కరగని రంగు రవ్వలని నాకు ఆ క్షణమే అర్థమైంది. నోరు తెరిస్తే నా అబద్ధం బయటపడుతుంది... తలవంచుకుని, రబ్బరుతో ఏదో తుడుస్తున్నట్టు కూర్చున్నాను.

నా బొమ్మ మహబూబాబాద్‌లో సైన్సు ఫెయిరుకు పోయింది. అందరూ మెచ్చుకున్నారు. జమున మాత్రం ఆ తర్వాత క్లాసులో ఎప్పుడూ చెయ్యెత్తలేదు. మా సారు మంచివారే, నేనొక్క మాట చెప్పి ఉంటే వెంటనే దిద్దుకునేవారు. ఆ మాటే నేను చెప్పలేదు.

ఇప్పుడు ఒక దవాఖాన ల్యాబులో పనిచేస్తున్నాను. బడిలో ఉండే సూక్ష్మదర్శినిలో మైటోకాండ్రియా అంత పెద్ద చుక్కల్లా కనబడవని నాకు ఏనాడో తెలిసింది. రక్తానికి వేసే రంగు వడగట్టకపోతే ఆ రవ్వలే ఒక్కోసారి మలేరియా క్రిముల్లా కనబడి మోసం చేస్తాయి. కణం బయట కూడా అవే ఉన్నాయేమో చూసుకోమని ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు నేర్పారు. జమునకు అది ఎవరూ నేర్పలేదు... తనంతట తానే చూసింది.

మొన్న జమునే వచ్చింది, బిడ్డకు జ్వరమని రక్తపరీక్షకు. ఒకరినొకరం వెంటనే గుర్తుపట్టాం. పిల్లకు మలేరియా లేదు. రిపోర్టు చేతికిస్తూ ఇన్నేళ్లు దాచిన సంగతి చెప్పేశాను. రంగు వడగట్టలేదని, తెలిసి కూడా ఊరుకున్నానని. తిడుతుందనుకున్నాను, పోనీ నవ్వేస్తుందనుకున్నాను...

"నాకు గప్పుడే ఎర్కైంది షాహీన్. నువ్వే లేసి చెప్తవని చూసిన... గా ఒక్క దినం గాదు, బడి అయిపోయేదాంక చూసిన" అంది. బిడ్డ చెయ్యి పట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది.

ఈ కాలం పిల్లలు ఫోన్లో కణాన్ని వేలితో తిప్పి తిప్పి చూస్తున్నారు. ప్రతి భాగమూ రంగుల్లో, పేరుతో సహా కనిపిస్తుంది. బాగుంది... కానీ "గది గట్ల లేదు సార్" అని ఒక పిల్ల లేచి నిలబడే అవసరమే రావడం లేదు.

మీ క్లాసులోనూ అలా ఒంటరిగా నిలబడ్డవాళ్లు ఉన్నారా? ఉంటే కింద రాయండి... వాళ్ల నంబరు మీ దగ్గరుంటే మాత్రం ముందు వాళ్లకే చెప్పండి. నేను చాలా ఆలస్యం చేశాను.