ఆటో ఎక్కాలనుకున్న గాడిద

ఆటో ఆగలేదు.

గురవమ్మ చేను గట్టు మీద నిలబడి చెయ్యెత్తింది. మామూలుగా అయితే ఎత్తే పనే లేదు. కూలీల ఆటో దానంతటదే తుమ్మచెట్టు దగ్గర ఆగేది. ఆడవాళ్లు ఒకరి మీద నుంచి ఒకరు దిగేవాళ్లు. క్యారేజీలు నీడన పెట్టి, చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని, మిరపచేలో వరసగా నిలబడి కోతకి మునుం పట్టేవాళ్లు. ఇవాళ ఆటో దుమ్ము లేపుకుంటూ పెదనందిపాడు రోడ్డు పట్టుకుని పోయింది. వెనక సీట్లో ఉన్న ముఠా మేస్త్రి శాంతి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. దుమ్ముకి పెట్టుకుందో, తనని చూసి పెట్టుకుందో గురవమ్మకి తెలియలేదు. ఏదైనా తెలియకుండా ఉండిపోవడం ఆమెకి పుట్టినప్పటి నుంచీ పడదు.

చేనంతా ఎర్రగా పండి ఉంది. దక్షిణాన మబ్బు కమ్ముతోంది. మిరపకి ఇప్పుడు వాన పడిందంటే చెట్టు మీద పండు మచ్చపడుతుంది, కళ్లంలో ఆరబోసినది తెల్లబడి తాలుకాయ అవుతుంది. ఏడాది పొడుగునా మందులు కొట్టి కాపాడుకున్నది ఒక్క జల్లుకి పోతుంది. గురవమ్మ శాంతికి ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. గట్టు మీద ఈ చివరికి నడిచింది, ఆ చివరికి నడిచింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

ఎందుకు ఎత్తడం లేదో ఆమెకి తెలుసు. గాడిద చచ్చిపోయింది. చంపింది తనే.

గురవమ్మ పుట్టింది ఒంగోలు వైపు, పొగాకు పండించే ఊళ్లో. మూడో తరగతి కాగానే బడి మానిపించి, పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర ఆకు గుచ్చడానికి కూర్చోబెట్టారు. ఆకు గుచ్చే ఆడవాళ్లకి చేతులు ఆడినంతసేపూ నోళ్లు ఆడతాయి. ఊళ్లో వాళ్ల సంగతులన్నీ అక్కడే వచ్చేవి. పేర్లు పెట్టి చెబితే సాయంత్రానికి తగాదాలు. అందుకని గురవమ్మ పేర్లు తీసేసి కొమ్ములూ తోకలూ తగిలించింది. మునసబు కోడిపుంజయ్యాడు. తన సొంత మేనత్త పిల్లి అయింది. ఎవరు ఎవరో అందరికీ తెలిసేది, ఎవరూ పోట్లాటకి రాలేకపోయేవాళ్లు. నన్ను పిల్లి అన్నావా అని అడిగితే, పిల్లిని నేనే అని ఒప్పుకున్నట్టు గదా.

పెళ్లయి ఈ నల్లరేగడిలోకి వచ్చాక ఆ జంతువులు కూడా ఆమె వెంటే వచ్చాయి. మిరప కోతల్లో వాటికి కొత్త ఉద్యోగాలు దొరికాయి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు పెట్టి, చెవి సందున పెన్ను దోపుకుని తిరిగే నక్క. ఏ తెగులుకైనా ఒకే డబ్బా అంటగట్టే పురుగుమందుల షాపు పిల్లి. వీళ్లందరి మధ్యా బస్తాలు మోసే గాడిద సాంబయ్య. సాంబయ్యకి ఉన్నది ఒకటే కోరిక. మోయడం కాదు, ఒక్కసారి తనని ఎవరైనా మోయాలి. ఆటో ఎక్కి కాలు మీద కాలేసుకుని ఊరి మధ్యలోంచి పోవాలి.

ఈ ఏడాది కోతల్లో మొదటి నుంచీ సాంబయ్య కథే. ఒకరోజు డ్రైవరు తోకకి వేరే టిక్కెట్టు అన్నాడు. ఒకరోజు మేక ముందు సీటు పట్టేసింది. రోజూ సాయంత్రం కథ ఎక్కడ తెంపాలో గురవమ్మకి బాగా తెలుసు. పక్క చేల వాళ్లు కూల్‌డ్రింకులు పోయిస్తామన్నా శాంతి ముఠా ఇటు తప్ప ఎటూ పోయేది కాదు. సాయంత్రం ఆటో ఎక్కుతూ, "సాంబయ్యకి కాస్త చోటు ఉంచండే" అని ఒకళ్లనొకళ్లు నెట్టుకునేవాళ్లు. అది విని గురవమ్మ పైకి ముఖం చిట్లించేది గానీ లోపల పొంగిపోయేది.

నిన్న మధ్యాహ్నం అన్నాల దగ్గర మహిమ ఫోను తీసింది. ముఠాలో అందరికన్నా చిన్నది ఆ పిల్ల.

"ఇది చూడండమ్మా."

ఫోనులో ఎలుగుబంటి ఒకటి కోటు వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని పాఠం చెబుతోంది. బెంచీల మీద ఉడతలు పాట అందుకున్నాయి. ఆడవాళ్లు కంచాలు పట్టుకుని చుట్టూ మూగారు.

"మీ సాంబయ్య కథలో పాటల్లేవమ్మా. పాటలుంటే ఇంకా బాగుండు," అంది మహిమ. ఎవరో కిసుక్కున నవ్వారు.

గురవమ్మ చెయ్యి కడుక్కుంది. మునుం మళ్లీ మొదలయ్యాక కథ ఎత్తుకుంది. సాంబయ్య ఇన్నాళ్లకి ముందరి కాలు ఆటోలో పెట్టాడు అంది. ఆడవాళ్ల చేతులు ఆగాయి.

"వెనక నుంచి లారీ వచ్చి గుద్దింది. చచ్చాడు. కథ అయిపోయింది. ఇక ఫోనులో పాటలు వింటూ కూర్చోండి."

ఆగిన చేతులు మళ్లీ కాయ మీదికి పోలేదు.

"చంపేశారా అమ్మా?" అంది శాంతి.

"గాడిదే గదే."

శాంతి బుట్టలో కాయలు బస్తాలో పోసింది. ఆ సాయంత్రం ఆటో ఎక్కేటప్పుడు సాంబయ్యకి చోటు ఉంచమని ఎవరూ అనలేదు.

ఇప్పుడు గురవమ్మ కాళ్లు ఒక చోట నిలవడం లేదు. కళ్లం దగ్గరికి వెళ్లింది. ఆమె మొగుడు చెంచురామయ్య ఆరబోసిన కాయల మధ్య కాళ్లీడుస్తూ, వాటిని తిరగేస్తూ, ఆకాశం వైపు చూస్తున్నాడు.

"ముఠా రాలేదు," అంది.

"రారు. సంగతి ఊరందరికీ తెలుసు. నువ్వే చంపావు, నువ్వే బతికించు."

"చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు."

"వాన పడితే ఇంట్లో కాయ కూడా ఉండదులే."

ఆమె కొంగు దులిపి బయటికి నడిచింది. ఆటో ఎటు పోయిందో ఊహించడం కష్టం కాదు. నాగేంద్రబాబు చేలోకే. వాడు ఆమెకి వరసకి మేనల్లుడు, రోడ్డుకి అవతలి పక్క చేను. కథ చెప్పడం రాదు గానీ, ఎదుటివాళ్ల కథ ఎక్కడ చెడిందో పసిగట్టడం వచ్చు. వాడి గట్టున పత్తికట్టె కుప్ప వేసి ఉంది. గురవమ్మ దాని వెనక ఆగింది. ఆగాలని ఆగలేదు. అవతల శాంతి గొంతు వినపడితే కాళ్లు ఆగాయి.

"సాంబయ్య చచ్చాడన్నది ఎవరు? గేదె. ఆ గేదె కళ్లారా చూసిందా? చూడలా. గట్టు మీద గొడుగేసుకుని నుంచుని చెప్పిందంతే. దానికి పాట రాదంటే కోపం వచ్చింది. ఆ కోపంలో ఒక మాటంది."

ముఠా అంతా నవ్వింది.

"ఏం గేదె అక్కా అది?" మహిమ గొంతు.

"నడుముకి తాళాలగుత్తి ఉంటుందే దానికి. బురదలో పొర్లేటప్పుడు కూడా తాళాలు తడవకుండా పైకెత్తి పట్టుకుంటది. టీ తాగు అంటే వద్దంటది. అందరూ తాగాక మిగిలింది తాగి, చల్లారిపోయిందని తిడతది."

గురవమ్మ చెయ్యి దానంతటదే నడుముకి పోయింది. గుత్తి అక్కడే ఉంది. ఒళ్లంతా ఒక్కసారి మండింది. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది, మళ్లీ కుప్ప దగ్గరికి వచ్చింది. టీ సంగతి బాగా పట్టింది శాంతి అని ఒక పక్కన అనిపిస్తోంది. ఆ అనిపించడం చూసి ఇంకా మండుతోంది. ఇంతకాలం ఎంతమందికి తోకలు తగిలించిందో ఆమెకే లెక్క తెలియదు. తనకి తగిలితే నడుము కింద ఎలా ఉంటుందో మాత్రం ఈ పూటే తెలిసింది.

కుప్ప దాటి చేలోకి వచ్చింది. నాగేంద్రబాబు పళ్లన్నీ బయటపెట్టాడు.

"రండత్తా, రండి. గేదె కథ మంచి రసపట్టులో ఉంది."

"నోర్ముయ్యరా. ఏమే శాంతీ, గేదెకి గొడుగెందుకే? నా గొడుగు విరిగి ఎన్నాళ్లయిందో నీకు తెలియదా?"

"మీరని ఎవరన్నారమ్మా?" శాంతి తలెత్తలేదు. కాయ తుంచుతూనే ఉంది. "గేదే గదా."

నిన్న గురవమ్మ అన్న మాటే ఇప్పుడు ఆమెకే తిరిగొచ్చింది.

"రేపు నా చేలోకి రండి," అంది గురవమ్మ. "మబ్బు చూస్తున్నారుగా. సాంబయ్యని బతికిస్తాను. ఆసుపత్రిలో ఉన్నాడంటాను. పాటలు కావాలంటే పాటలు కడతాను."

శాంతి బుట్ట కింద పెట్టి నిలబడింది.

"పాటల కోసమా అమ్మా మేం రానిది? సాంబయ్య మీకు గాడిద. మేం ఆటోలో ఎట్టా కూర్చుని వస్తామో రోజూ చూస్తారు. సగం మందికి ఒక కాలు బయటే ఉంటది. వెనక లారీ హారన్ కొడితే ఈ మహిమ ఇప్పటికీ నా ఒళ్లో దూరుతుంది. మా చిన్నమ్మ కూతురు పోయింది అట్టాగే, వెనక నుంచి లారీ గుద్ది. మీరే వచ్చారు చూడ్డానికి. మా గుమ్మంలో నుంచున్నారు. అన్నీ వదిలిపెట్టి లారీయే దొరికిందా మీకు?"

నాగేంద్రబాబు నవ్వు ఆగిపోయింది. మునుంలో అందరూ కాయ కేసి చూస్తున్నారు.

గురవమ్మ ఆ గుమ్మం మర్చిపోలేదు. ఆ రోజు లోపల పరిచిన చాప కూడా గుర్తుంది. నిన్న మాత్రం నోటికి లారీ అందింది, అనేసింది. నోటికి ఏది అందితే అది విసరడం ఆమెకి అలవాటు. అది ఎవరికి తగులుతుందో ఎప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు తప్పయిందని ఒక్క మాట అనాలి. అలాంటి మాటలు ఆ నోట్లోంచి ఎప్పుడూ బయటికి రాలేదు, దారి తెలియదు.

"కథ నేను చెప్పను," అంది. "నువ్వే చెప్పు. నేను మీతో పాటు కోస్తాను."

"కథలో గేదె ఉంటదమ్మా."

"ఉండనీ. తాళాలు ఎడం పక్కన దోపుతుంది. అది సరిగ్గా చెప్పు."

మహిమ ముఖం పక్కకి తిప్పుకుని నవ్వింది. శాంతి నవ్వలేదు. మబ్బుని చూసి, "రేపొస్తాం లెండి," అంది.

తెల్లారి ఆటో తుమ్మచెట్టు దగ్గర ఆగింది. గురవమ్మ చెంచురామయ్య పాత చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉంది. మునుంలో చివరి సాలు పట్టింది. తన చేలో తను కూలీల వరసలో నిలబడడం అదే మొదలు. వంగితే నడుము పట్టేసింది. కాయ ఘాటుకి వేళ్లు మండాయి. పెద్ద దూరం పోకుండానే అందరికన్నా వెనకబడింది. మాటిమాటికీ తలెత్తి దక్షిణం వైపు చూసేది. మబ్బు నిన్నటికన్నా దగ్గరికి వచ్చింది.

శాంతి కథ చెబుతోంది. లారీ అసలు గుద్దలేదట. హారన్ కొట్టి ఆగిందట. లారీ నడిపే ఏనుగు కిందికి దిగి, "పోనీండి, ముందు సాంబయ్యని ఎక్కనీండి" అందట. గురవమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఏనుగు సీట్లో ఎట్టా పడుతుందే?"

"సీటు తీయించుకుందమ్మా. కొయ్యండి, మీరు వెనకబడ్డారు."

మునుం మొత్తం నవ్వింది. గురవమ్మ నోరు మూసుకుని కాయ తుంచింది. కథ వినడం ఇంత కష్టమని ఆమెకి తెలియదు. ముందేమవుతుందో మన చేతిలో ఉండదు. ఈ పిల్ల ఎక్కడికి లాక్కెళుతుందో, గేదెని ఏం చేయబోతోందో. సాంబయ్య ఆటో ఎక్కాడు. కాలు మీద కాలేశాడు. ఊరంతా చూసింది, నక్క చెవి సందులోంచి పెన్ను జారి పడిపోయింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. గురవమ్మ కూడా కొట్టబోయి, చేతులు మండుతున్నాయని ఊరుకుంది.

పొద్దు వాలేసరికి చివరి సాళ్లు అయ్యాయి. బస్తాలన్నీ ట్రాక్టరుకెత్తారు. పైన పట్టా కప్పుకుని ట్రాక్టరు ముందే ఊళ్లోకి వెళ్లిపోయింది. ఆటో వచ్చి నిలబడింది. ఆడవాళ్లు చొక్కాలు విప్పి దులుపుకుంటున్నారు.

"మరి గేదె?" అంది గురవమ్మ. ఆ మాట అడగడం కోసం మధ్యాహ్నం నుంచీ ఆగింది.

"గేదె రోడ్డు పక్కన ఉండిపోయిందమ్మా. ఆటో నిండిపోయింది. దానికి అడగడం రాదు."

మొదటి చినుకు గురవమ్మ చేతి మీద పడింది. తర్వాత ఇంకొకటి, ఈసారి పెద్దది. ఊరి చివర కళ్లంలో కాయ ఆరబోసి ఉంది. పట్టాలు లాగడానికి చెంచురామయ్య ఒక్కడే ఉన్నాడు. అటు పక్క లాగితే ఇటు పక్క ఎగిరిపోతుంది. నడిచి వెళితే ఎప్పటికి చేరుతుంది. కూలీల ఆటో ఆ కళ్లం ముందు నుంచే పోతుంది. ఇన్నేళ్లలో ఆమె అందులో ఎప్పుడూ ఎక్కలేదు.

ఆటో స్టార్టయింది. ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు సర్దుకున్నారు. చూస్తున్నారు గానీ ఎవరూ ఎక్కమనలేదు. శాంతి కూడా అనలేదు.

గురవమ్మ తాళాలగుత్తి చేత్తో పట్టుకుని ముందుకొచ్చింది.

"జరగండే కాస్త," అంది. "కళ్లం దగ్గర మీరూ దిగాలి. పట్టాలు లాగడానికి ఆయన ఒక్కడే ఉన్నాడు. మహిమా, ఆ కాళ్లు ముడుచుకో, సాంబయ్యే నయం నీకన్నా."

మహిమ కాళ్లు ముడుచుకుంది. శాంతి చెయ్యిచ్చి లోపలికి లాగింది. సీటు అంచున సగం చోటు దొరికింది, కుడికాలు బయటే ఉండిపోయింది. ఆటో కదిలింది. వెనక ఎక్కడో లారీ హారన్ మోగింది. గురవమ్మ గభాలున శాంతి మోచెయ్యి పట్టుకుంది. కళ్లం వచ్చేదాకా వదల్లేదు.